ఐదో స్టారు

కంపెనీ పెట్టిన కొత్తలో, తనకు తెలియని విషయం లోకంలో ఉంటుందని మనిషికి తోచదు. నాకూ తోచేది కాదు. అప్పుడు నాకు పాతికేళ్ళు. దోహాలో నాన్నగారి ఫ్లాట్‌లో ఒక గది, రెండు లాప్‌టాప్‌లు, గ్రాఫ్ అనే పార్ట్‌నరు (అసలు పేరు వేరే, ప్రతిదానికీ స్క్రీన్ మీద గీతలు చూపిస్తాడని మా అమ్మ అలా పిలిచేది), ఇదీ మా కంపెనీ. ఇళ్ళలో వండిపెట్టే ఆడవాళ్ళనీ, ఇంటి భోజనానికి మొహం వాచిపోయిన లేబర్ క్యాంప్ మనుషులనీ ఒక యాప్‌లో కలపడం మా పని. వండేవాళ్ళలో మొదటి మనిషి కింది ఫ్లోర్ పిన్ని. చుట్టరికం ఏమీ లేదు, అమ్మ స్నేహితురాలు, అమలాపురం ఆవిడ. సెలవు రోజైన శుక్రవారం ఊరి చివర ఏషియన్ టౌన్ చుట్టుపక్కల క్యాంపుల నుంచి వచ్చే ఆర్డర్లలో సగానికి పైగా ఆవిడవే. ఆవిడ గరిటె పక్కన పెడితే మేం లాప్‌టాప్‌లు మూసుకోవాల్సిందే.

అలాంటి సమయంలో, కంపెనీ పెరుగుతోంది కదా అని, తిన్నవాళ్ళు వంటకి స్టార్లు ఇచ్చే ఏర్పాటు చేశాం. ఆలోచన నాదే. (ఆ వారమంతా అద్దంలో నన్ను నేను కాస్త మర్యాదగా చూసుకున్నాను.) పిన్నికి అందరూ ఐదుకి ఐదు ఇచ్చారు, ఒక్కడు తప్ప. అతను జగిత్యాల మనిషి, ఏదో సైట్‌లో పని. వారం వారం తప్పకుండా ఆర్డర్ పెడతాడు, తప్పకుండా నాలుగే ఇస్తాడు. పిన్ని ఒక శుక్రవారం పప్పుచారు మార్చింది, ఇంకో శుక్రవారం గుత్తివంకాయ చేసింది, మరోసారి మేం అడగకుండానే పాయసం పెట్టి పంపింది. నాలుగే. చివరికి మమ్మల్ని పిలిచింది. గ్రాఫ్ లాప్‌టాప్ తెరిచి, సగటు చూస్తే మీరే నంబర్ వన్ పిన్నిగారూ అని గీతలన్నీ చూపించాడు. ఆవిడ ఓపిగ్గా చూసి, కాఫీ ఇవ్వకుండా మంచినీళ్ళు ఇచ్చింది. సంగతి ఎక్కడిదాకా వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. ముప్ఫై ఏళ్ళుగా బాబాయ్ ఒక్క మాట అనలేదనీ, ముక్కూ మొహం తెలియనివాడి చేత తక్కువ అనిపించుకోలేననీ, వచ్చే శుక్రవారం నుంచి వండననీ చెప్పేసింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు ఆర్డర్ల కంటే అదే ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు పొద్దున్నే అతని క్యాంప్‌కి పరిగెత్తాను. మనిషి నలభై దాటినవాడు, నవ్వుమొహం. మంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. వంటలో లోపం ఏమిటన్నా అని నసుగుతూ అడిగాను.

"వంక పెట్టేటట్టు లేదు తమ్మీ, మస్తుగుంటది. గని ఐదు మా అమ్మకే. అమ్మ బతికుండంగ ఇంకొకలకు ఎట్లిస్త చెప్పు?"

ఉన్నదున్నట్టు వచ్చి పిన్నికి చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది. వాళ్ళమ్మ చారులో బెల్లం వేస్తుందో వేయదో కనుక్కోమంది. (వేయదట. ఆ శుక్రవారం నుంచి జగిత్యాల డబ్బాలో చారు వేరే.)

కొన్నాళ్ళు అంతా సుఖంగా నడిచింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం అతని దగ్గర నుంచి ఐదు స్టార్లు వచ్చాయి. గ్రాఫ్ గదంతా గంతులేశాడు, అందరికీ స్క్రీన్‌షాట్ పంపాడు, బిర్యానీ తెప్పిస్తానన్నాడు. నేను సంబరంగా పిన్నికి ఫోన్ చేశాను. అవతల గరిటె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"వాళ్ళమ్మకి ఏమైందిరా?" అంది.

నా నవ్వు ఆరిపోయింది. ఆ ఆలోచనే నాకు తట్టలేదు. అతనికి ఫోన్ చేస్తే ఎత్తడు. మళ్ళీ చేస్తే ఎత్తడు. కిందికి వెళ్ళేసరికి పిన్ని స్టవ్ ఆర్పేసి దేవుడి గూటి ముందు కూర్చుని ఉంది. నేనూ పక్కన కూర్చున్నాను. సాయంత్రానికి అతనే ఫోన్ చేశాడు. ఏషియన్ టౌన్‌లో క్రికెట్ చూస్తున్నాడట, ఆ గోలలో వినిపించలేదట.

"అమ్మకేమైతది తమ్మీ, మంచిగుంది. వీడియో కాల్‌ల నేను తినేది చూసింది. 'దుబాయ్‌ల నీ కడుపు నింపేది ఆమెనే గద బిడ్డా, నాది గూడ ఆమెకే ఇయ్యి' అన్నది. అందుకే ఇచ్చిన." (ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకి గల్ఫ్ అంతా దుబాయే.)

స్పీకర్‌లో విన్న పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుని ఫోన్ లాక్కుంది. "వచ్చేవారం నుంచి నాలుగే ఇవ్వు నాయనా. ఆవిడది ఆవిడకే ఉండనీ," అంది.

ఇప్పుడు మా ఆఫీసు దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో ఉంది, మెట్రో దిగితే నాలుగడుగులు. గ్రాఫ్‌కి గోడంత స్క్రీన్ ఉంది. మనుషుల మనసు స్టార్లలో దొరుకుతుందనుకున్న ఆ పాతికేళ్ళ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త ముద్దుగానూ అనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ కంగారుగా వస్తారు, ఈ కస్టమర్ ఎప్పుడూ నాలుగే ఇస్తున్నాడు, ఒకసారి మాట్లాడదామా అని. వద్దంటాను. ఇప్పటికీ శుక్రవారం భోజనాలయ్యాక పిన్ని ఫోన్ చేసి జగిత్యాల మనిషి ఎంత ఇచ్చాడని అడుగుతుంది. నాలుగే పిన్నీ అంటే, హమ్మయ్య అని పెట్టేస్తుంది.