దుప్పటి మీద ఉత్పలమాల

మొన్న పెట్టె సర్దుతుంటే పాత పెడన కలంకారీ దుప్పటి దొరికింది. మడత విప్పితే, అద్దకానికి ముందు గుడ్డకి పట్టించే కరక్కాయ వాసన ఇంకా ఉన్నట్టే అనిపించింది.

మన బ్యాచ్ వాళ్లకి గుర్తుందా, ఉత్పలమాలకి "భ ర న భ భ ర వ" అని బట్టీ పట్టడం? డెబ్బైల చివర్లో నాకదో గండం. రేపు పరీక్ష అనగా, నాన్న అద్దకం షెడ్డులో కూర్చుని "గురువు, లఘువు, లఘువు" అని గట్టిగా వల్లిస్తున్నాను. ఎదురుగా, అక్కడ పనిచేసే మస్తాన్ బాబాయ్ గుడ్డ మీద అచ్చు పెట్టి పిడికిలితో గుద్దుతున్నారు.

"గురువంటే ఏంటమ్మాయ్?"

"బరువుగా పలికేది, బాబాయ్. లఘువంటే తేలిగ్గా."

ఆయన తలూపి మళ్లీ పనిలో పడ్డారు.

నాలుగు వరసలయ్యాక నాన్న వచ్చారు. "ఇదేంటి మస్తానూ, ఒక పువ్వు ముదురు, ఒక పువ్వు లేత?"

బాబాయ్ అచ్చు పక్కన పెట్టారు. "తప్పైందండీ. పాప చదువుతుంటే చెయ్యి దాని వెంటే పోయింది."

నాన్న మొదటి పువ్వు మీద వేలు పెట్టి, "చదువు" అన్నారు నాతో. చదివాను. వరసకి ఇరవై పువ్వులు, పాదానికి ఇరవై అక్షరాలు. గురువుకి ముదురు, లఘువుకి లేత, ఒక్కటీ తప్పలేదు.

నాన్న నవ్వేశారు. "అయితే ఈ దుప్పటి దీనిదే."

మర్నాడు పరీక్షలో కళ్లు మూసుకుంటే చాలు, పువ్వులు కనిపించాయి.

మొన్న ఛందస్సు పేరే వినని మా మనవరాలు ఆ పువ్వుల మీద వేలు జరుపుతూ, "ముదురు, లేత, లేత" అంటూ చివరిదాకా వెళ్లింది. రెండో వరస మొదలుపెట్టి ఒక్కసారిగా అరిచింది.

"అమ్మమ్మా, కిందా అదే పాట ఉంది!"