కొయ్య పలికేదాకా

మారేడు పండు పగలగొట్టి, గుజ్జు పిసికి, అందులో బెల్లం కలిపితే వచ్చే వాసన అందరికీ ఎండాకాలపు షర్బత్తు వాసన; నాకు మాత్రం అది ఇంటికప్పు వాసన. ఈ మధ్యాహ్నం, ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో ఇందా అనే పేటలోని మా ఇంట్లో, కురుస్తున్న డాబాకి ఏదో నల్లటి మందు పూయడానికి వచ్చిన ఇద్దరు పనివాళ్ల కోసం షర్బత్తు కలుపుతూ, ఆ వాసన ముక్కుకి తగలగానే పప్పుగుత్తి పక్కన పెట్టి కూర్చుండిపోయాను. ఈ వయసులో కూర్చుంటే లేవడం కష్టం. గుర్తుకొచ్చినవాటిని పక్కకి నెట్టడం ఇంకా కష్టం.

ఎనభైలలో మేము ఇదే ఊళ్లో పూరీ గేట్ దగ్గర రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ కూయగానే నాన్న సైకిలెక్కేవాడు. ఆ వెనకే మా నానమ్మ రూతమ్మ, సద్దన్నం గిన్నె మూటగట్టుకుని, మరో పదిమంది ఆడవాళ్లని వెంటేసుకుని కప్పులు కొట్టే పనికి బయల్దేరేది. శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆవిడ పని అదే. ఇటుకముక్కలు, ఇటుకపొడి, సున్నం కలిపిన ముద్దని డాబా మీద బెత్తెడు మందాన పరిచి, ఆడవాళ్లు వరసగా గొంతుక్కూర్చుని, చిన్న చిన్న కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొడుతూ, కొట్టుకుంటూ వెనక్కి జరుగుతూ, మధ్యమధ్య బెల్లం, మారేడు గుజ్జు నానేసిన నీళ్లు చిలకరిస్తూ ఉంటే, ఆ ముద్ద బిగిసి బిగిసి చివరికి చుక్కనీరు దిగని రాయిగా మారేది. సెలవుల్లో నేనూ నిచ్చెనెక్కి, నీళ్ల కుండ నీడన కూర్చుని, బెల్లం ముక్క చప్పరిస్తూ ఆ చప్పుడు వింటూ ఉండేదాన్ని. అందరూ ఒక్కలాగే కొడుతున్నారనిపించేది నాకు. నానమ్మ మాత్రం ఉన్నట్టుండి చెయ్యెత్తి ఆపించి, ఒక్కచోట తాను కొట్టి, తల వంచి విని, "ఇక్కడ ఇంకా నిద్దరోతంది" అనేది.

ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. పుచ్చకాయ, నీళ్ల కుండ, క్రిస్మస్‌కి అరిసెలు దాచిన డబ్బా, పరీక్షలు తప్పినప్పుడు నా నెత్తి, అన్నింటినీ వేలి కణుపుతో తట్టి చూసేది. ఏది నిండిందో ఏది డొల్లో ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. నా నెత్తి సంగతి మాత్రం ఎప్పుడూ పైకి చెప్పలేదు.

తర్వాత మోకాళ్లు పట్టేశాయి. నిచ్చెన ఎక్కలేని ఆ ఏడాదే మా వీధి చివర ప్రార్థన మందిరానికి కొత్త కప్పు వేయాలనుకున్నారు. ఆ పని చూసే ఇంజినీరు బాబు, ఇస్త్రీ మడత నలగని కుర్ర బెంగాలీ, నోట్‌బుక్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. నానమ్మని మాసీ అని పిలుస్తూ, మాసీ చేతిలో ఉన్నదంతా కాగితం మీద పెట్టుకుంటే ఆవిడ లేకపోయినా పని సాగుతుందన్నాడు. నానమ్మ ఎంత సంబరపడిందో. "నా సేతిలోది నాతోనే పోకండా ఉంటే అదే సాలు" అంది. ఎండల్లో గొడ్డులా కష్టపడ్డానని ఎప్పుడూ చెప్పుకోని మనిషి, తన పని గురించి ఒకరు రాసుకుంటారంటే ఉతికిన చీర కట్టుకుని కూర్చుంది. ఆవిడకి వచ్చిన బెంగాలీ బజారు వరకే. ఇద్దరి మాటలూ అటూ ఇటూ చేరవేసే పని పదకొండేళ్ల నాకు పడింది.

"ఎన్ని రోజులు కొట్టాలి?" అన్నాడు బాబు.

"ఇన్ని రోజులని నేదు, గుంటా. కొయ్య పలికేదాకా కొట్టాల. పోయిన ఎండల్లో కోటరు కప్పుకి ఏడు రోజులు పట్టింది. ఈ మబ్బులికి ఎన్నో ఏటో. బాబుని మీదకెల్లమను. ఓ పూట మావోల్ల పక్కన కూకోని తన సేత్తో కొట్టమను. అప్పుడు దానికదే తెలుస్తాది," అంది నానమ్మ నాతో.

అంత పెద్ద చదువు చదివిన మనిషిని ఆడవాళ్ల మధ్య గొంతుక్కూర్చోమని ఎలా చెప్పను? నాకు సిగ్గేసింది. పైగా బయట తొక్కుడుబిళ్లలో నా వంతు వచ్చింది, పిల్లలు పిలుస్తున్నారు. "సాత్ దిన్" అన్నాను. ఆయన రాసుకుని కింద గీత గీశాడు.

రథయాత్ర వెళ్లాక, ఆకాశం మసకగా ఉన్న రోజుల్లో కప్పు కొట్టారు. ఏడో రోజు సాయంత్రం ఆడవాళ్లు ఇంకా పచ్చిగా ఉందంటే, బాబు కాగితం చూపించి, మాసీ చెప్పిందే కదా అన్నాడట. నానమ్మ మాట అంటే వాళ్లు మారు మాట్లాడలేదు. ఆ వానలకే కప్పు కురిసింది. ప్రతి ఆదివారం ప్రార్థన నడుమ బకెట్లో టప్పు టప్పుమని చుక్కలు పడుతుంటే అందరూ ఓసారి పైకీ, ఓసారి నానమ్మ వైపూ చూసేవారు. ఆ పాతకాలం పద్ధతి ఇక వద్దని సంఘం పెద్దలు తీర్మానించారు. ఆ తర్వాత మా వైపు ఆ పనికి ఎవరినీ పిలవలేదు.

ఒకరోజు నా జడ వేస్తూ అడిగింది: "నా మాటంతా పూరాగా సెప్పినావా, గుంటా?"

"సెప్పినాను, నానమ్మా."

జడ చివర రిబ్బను ముడేసి, "అయితే నాకే తెల్దు కావాల" అంది.

ఆ తర్వాత ఆవిడ దేన్నీ తట్టి చూడలేదు. పుచ్చకాయ కూడా అమ్మేవాడు ఏది ఇస్తే అదే తెచ్చుకునేది. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు పక్కలో చేరాను, చెప్పకుండానే నిద్రపోయాను. తొంభైల మొదట్లో ఆవిడ పోయింది. ఆవిడ చెయ్యి తప్పు చేయలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

షర్బత్తుతో పాటు పప్పుగుత్తీ పట్టుకుని పైకెళ్లాను. పనివాళ్లు మందు పూసేసి చేతులు కడుక్కుంటున్నారు. సరిగ్గా ఆరిందని ఎలా తెలుస్తుందని అడిగాను. "లిఖా హై, దీదీ" అని డబ్బా మీది అచ్చు చూపించాడు ఒకడు. వాళ్లు దిగిపోయాక, మందు పూయని మూల గొంతుక్కూర్చుని పప్పుగుత్తితో కప్పుని తట్టాను. ఒకచోట ఒకలా పలికింది, పక్కన ఇంకోలా పలికింది. ఏది నిద్రపోతోందో, ఏది లేచిందో నాకు తెలియలేదు.