ముందు పాదాలు

ఐసీయూలో దుప్పటి కింద చెయ్యి పెట్టి రోగి పాదం పట్టుకున్నప్పుడు, ఆ చల్లదనం అరచేతికి తగలగానే నాకు రహీమా సిస్టర్ గొంతు వినిపిస్తుంది. ఆమె ఖమ్మంలో దర్జీల ఇంట పుట్టి, భద్రాచలం వైపు అడవి అంచున ఒక దవాఖానాలో హెడ్ నర్సుగా పనిచేసింది. బీఎస్సీ నర్సింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఆమె వార్డులోనే.

మంచం దగ్గరికి రాగానే ఆమె మానిటర్ వైపు చూసేది కాదు. ముందు పాదాలు ముట్టుకునేది. ఒకసారి అడవి పల్లె నుంచి జ్వరంతో వచ్చిన ముసలామె కంగారుపడి కాళ్ళు ముడుచుకుంది. "వద్దు తల్లీ, నా కాళ్ళు ముట్టకు." సిస్టర్ నవ్వింది. "దండం పెడ్తలేను అవ్వా. నెత్తురు ఈ కొసదాకా వస్తుందా లేదా చూస్తున్న." మంచులా ఉన్నాయన్నట్టు తల ఆడించి నావైపు తిరిగింది. "నువ్వూ పట్టు. సిగ్గయితుందా ఏంది?" నిజంగానే సిగ్గయింది. "మగోనివి, సూదులేసుడేందిరా" అని ముదిగొండలో మా చుట్టాలు అప్పటికే ఆటపట్టించేవాళ్ళు. ఇక కాళ్ళు పట్టుకుంటున్నానని తెలిస్తే!

ఆ వారమే నాకు పై చదువుకు రెండు సీట్లు వచ్చాయి. ఒకటి ఎమ్మెస్సీ నర్సింగ్. అది పూర్తయితే కాలేజీలో పాఠాలు చెప్పుకోవచ్చు. రెండోది క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్. అదీ పీజీయే, కాకపోతే చదువంతా ఐసీయూ మంచాల పక్కనే. నేను మొదటిదానివైపే మొగ్గాను. అందరూ సార్ అంటారన్న ఆశ తప్ప మరో కారణం లేదు. సిస్టర్‌తో మాత్రం పరిశోధన అంటే ఇష్టమన్నాను.

ఆమె టిఫిన్ డబ్బా మూసి నన్ను ఎగాదిగా చూసింది. "అబద్ధం సుత సక్కగ చెప్పొస్తలేదు బేటా నీకు. పాఠం చెప్పేటోళ్ళు లేకుంటే నేను నర్సునయితుంటినా? మంచి పనే అది. గని నువ్వు పాఠం కోసం పోతున్నవా, ఈ మంచాల కాడినుంచి తప్పించుకోనీకె పోతున్నవా? నాకు చెప్పకు. నీకు నువ్వు చెప్పుకో."

మర్నాడు పొద్దున ఎవరూ చెప్పకుండానే ఆ ముసలామె పాదాలు పట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. ఈసారి ఆమె కాళ్ళు ముడుచుకోలేదు. ఏమైందో ఏమో, వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాను. "సిస్టర్, వెచ్చబడ్డయి!"

"అవ్, నాకెరుకే," అంది ఆమె, చేతిలో సెలైన్ సీసా అలాగే పట్టుకుని. "గిట్ల ఉరికొచ్చెటోడు బోర్డు కాడ నిలబడి పాఠం చెప్తడా?"

నేను రెండో సీటే తీసుకున్నాను. మా దగ్గర నర్స్ ప్రాక్టీషనర్ పేరుతో ఉద్యోగాలు ఇప్పటికీ తక్కువే. నా బ్యాడ్జీ మీద ఇంకా స్టాఫ్ నర్సు అనే ఉంటుంది. చుట్టాల్లో నన్ను సార్ అన్నవాళ్ళు లేరు. అది ఒక్కోరోజు గుచ్చుకుంటుంది. సార్ అనిపించుకోవాలన్న ఆ బుద్ధి నన్ను పూర్తిగా వదల్లేదు. అలాంటి రోజు దగ్గర్లో ఉన్న మంచం కాడికి పోయి, మానిటర్ వైపు చూడకుండా, పాదాల మీది దుప్పటి కాస్త పైకి జరుపుతాను.