డిస్కులోనే ఉన్న అధ్యాయం

సైనిక్‌పురిలో వీడియో గేముల డిస్కులు అమ్మే దుకాణం రోనాల్డ్‌ది. మనిషి మెత్తనే గానీ ఒక్క విషయంలో మహా మొండి. ఆటంతా డిస్కులోనే పెట్టి, కొంత భాగానికి తాళం వేసి, అది తెరవడానికి మళ్లీ డబ్బడిగే కంపెనీలంటే ఆయనకు ఒళ్లుమంట. అలాంటి డిస్కు వస్తే అట్ట మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ‘లోపల తాళం ఉంది’ అని రాసి మరీ అమ్మేవాడు. తన సరుకును తానే తిట్టుకునే వ్యాపారిని ఎవరు మాత్రం నమ్మరు?

భార్య ఫెయిత్ బొల్లారంలో టీచరు. ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఒకే ఆట పెట్టేది. పడవ నడిపే అమ్మాయి కథ అది. రోనాల్డ్ పక్కన కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఆ ఆటలో చివరి అధ్యాయానికి తాళం ఉంది.

“ఏవండీ, ఆ ఒక్కటీ తెరిపించండి,” అని ఆమె ఎన్నోసార్లు అడిగింది.

“మన డిస్కుల ఉన్నదానికి మళ్ల పైసలెందుకు కట్టాలె? నేనే కడితే రేపు గిరాకీలకు ఏం మొహం చూపియ్యాలె?” అనేవాడు రోనాల్డ్.

ఆమె నవ్వి, మొదటి అధ్యాయం నుంచి మళ్లీ ఆడుకునేది. నిరుడు జ్వరమని ఆసుపత్రికి వెళ్లి, తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆయనకు ఆదివారం వస్తోందంటేనే భయం.

మొన్న ఆమె ఆడే ఆ పాత గేమ్ మెషిన్‌కు ఆన్‌లైన్ అమ్మకాలు నెలాఖరుకు ఆపేస్తున్నారని తెలిసింది. ఆపైన ఎంత పోసినా ఆ తాళం ఊడదు. ఆమె అడిగిన ఆ ఒక్కటీ ఎప్పటికీ తెరుచుకోదు. మూడు రోజులు తనలో తాను కొట్టుమిట్టాడి, ఆన్‌లైన్‌లో కట్టడం తనకు రాదు గనక, దుకాణానికి ఎప్పటి నుంచో వచ్చే హరికిషన్‌ను ఇంటికి పిలిచాడు.

“ఏందన్నా, నువ్వు సుత కొంటున్నవా?” హరికిషన్ నోరు తెరిచాడు.

“కొంటున్న. ఎవరికి చెప్పుకుంటవో చెప్పుకో.”

హరికిషన్ తన కార్డుతో కట్టి వెళ్లిపోయాడు. తాళం క్షణంలో ఊడింది. అంతా డిస్కులోనే ఉంది కదా మరి.

తెర మీద పడవ కనిపించింది. అమ్మాయి ఒక తెడ్డు పట్టుకుని కూర్చుంది, రెండో తెడ్డు దగ్గర ఎవరూ లేరు. ‘ఈ అధ్యాయం ఇద్దరు కలిసి ఆడాలి’ అని కింద అక్షరాలు వచ్చాయి.

ఇన్నేళ్లూ తాళం గురించి ఊరందరితో వాదించాడు గానీ, లోపల ఏముందని ఆమెను ఒక్కసారీ అడగలేదు. రెండో కంట్రోలర్ కోసం టీవీ కింది సొరుగు లాగాడు. కవరు కూడా విప్పనిది ఒకటి దొరికింది. దాని మీద తన దుకాణం స్టిక్కరే ఉంది. ఆమె ఎప్పుడు తెచ్చి దాచుకుందో! రోనాల్డ్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

తర్వాత కవరు చింపి, ఆట మొదలవడానికి దాని బటన్ తానే నొక్కి, సోఫాలో ఆమె కూర్చునే చోట పెట్టాడు. తన కంట్రోలర్‌తో తెడ్డు వేశాడు. పడవ ముందుకు పోలేదు, ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది.