గుట్టపువ్వుకు ఆరు కడవలు

ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిదివందల యాభైల చివర్లో, ఎక్కాలు తప్పులేకుండా వచ్చిన మనిషికి ఈ లోకంలో రానిదంటూ ఉండదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా, భిన్నాలూ, తెలిసిన మూడు అంకెలతో నాలుగోది తేల్చే త్రైరాశికమూ సొంతంగా నేర్చుకున్నాను. త్రైరాశికం నేర్చినవాడికి కళ్లెదుట కనిపించేదంతా త్రైరాశికమే. ఆ జబ్బుతో నేను ఇబ్బంది పడిన సందర్భాలు చాలా ఉన్నాయి కానీ, ఒక చెట్టు ఇబ్బంది పడింది మాత్రం అప్పుడే.

బెళుగుప్ప అవతల మా ఊరి రాళ్లగుట్ట మీద నడుమెత్తు పొద ఒకటి ఉండేది. ఊళ్లో దాన్ని గుట్టపువ్వు అనేవారు. ఒకప్పుడు గుట్టంతా అదేనట. పొయ్యిల్లోకి పోగా మిగిలింది ఒక్కటి. సర్కారు తరఫున మొక్కల మీద పరిశోధన చేసే ఒక పెద్దాయన (మా ఊరు ఆయనకు పెట్టిన పేరు ఆకుల దొర) దాన్ని చూసి, ఇలాంటిది ఇంకెక్కడా తనకు దొరకలేదని, ఇది పోతే జాతే పోయినట్టని చెప్పి, నన్ను తాత్కాలికంగా కాపలా పెట్టాడు. "ముళ్లకంప కట్టు. ఆకులు లెక్కపెట్టి రాస్తూ ఉండు. నేను వేసవిలో వచ్చేసరికి మొక్క బాగుంటే నీ పని ఖాయం చేయిస్తాను" అన్నాడు. నీళ్లు పొయ్యమని అనలేదు. అది నా సొంత ప్రతిభ. నిమ్మచెట్టుకు రోజుకొక కడవ చాలు. ఇది అందులో సగముంది కాబట్టి అర కడవ. అయితే ఊళ్లో నిమ్మచెట్లు ఎనిమిది, ఇది ఒక్కటే, కాబట్టి అరను ఎనిమిదితో హెచ్చిస్తే నాలుగు కడవలు. (ఈ లెక్కలో తప్పెక్కడుందో కనిపెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.)

ఊరంతటికీ తాగునీటి బావి ఒకటే. ఎండలు ముదిరాక ఆడవాళ్లు ఊట కోసం గంటలకొద్దీ కూర్చునేవారు. నేను మాత్రం "సర్కారు చెట్టు" అంటూ వరస దాటి పోయి కావడి నింపుకునేవాణ్ణి. అక్కడ మేకలవ్వ అని సాయిబుల ఇంటి ముసలామె ఉండేది. పది మేకలే ఆమె బతుకు.

"ఏమప్పా, నువ్వు పుట్టకముందు దానికి నీళ్లు ఎవురు పోసినారు?"

"లెక్క ఉండాదవ్వా."

"నీకుండాది లెక్క. చెట్టుకు చెప్పినావా?"

మొదటి సోమవారం ఆకులు నాలుగు వందల పన్నెండు. తర్వాతి వారం మూడు వందల డెబ్బై. ఆ తర్వాత రెండు వందల తొంభై, అవీ పసుపుపచ్చవి. నీళ్లు చాలడం లేదని తేల్చి ఆరు కడవలు చేశాను. ఒక కొమ్మ మొదలు మెత్తబడింది. నలభయ్యో రోజున దాన్ని కోసి గుట్ట కింద పారేసి, ఏడో కడవ సంగతి ఆలోచిస్తూ బావికి పోతే, అవ్వ నా కావడి లాక్కుంది.

"మా పిల్లోళ్లు గొంతెండి ఏడుస్తాంటే నీ చెట్టు రోజూ తానం చేస్తాండాదేమప్పా? పో, నీ దొరకు చెప్పుకో పో!"

వెనకున్న ఆడవాళ్లు కడవలు పైకెత్తారు. ఖాళీవే అయినా, నెత్తిన పడితే ఎంత బరువో లెక్కగట్టే ధైర్యం నాకు లేకపోయింది.

ఇరవై మూడు రోజులు దానికి చుక్క నీళ్లు లేవు. ఆకులు సున్నా. (ఆ సున్నాను కూడా రెండుసార్లు లెక్కపెట్టాను.) నా పనీ పోయింది, జాతీ పోయింది అనుకుంటూ, దొర వచ్చే రోజు పొద్దున్నే గుట్టెక్కితే, ఆకు ఒక్కటీ లేని కొమ్మల నిండా తెల్లటి పూలు!

దొర పొంగిపోయాడు. "ఏం చేశావయ్యా?"

"నలభై రోజులు నీళ్లు పోసినా సార్. నాలుగుతో మొదలుపెట్టి ఆరు కడవలు చేసినా." చెప్పిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఇరవై మూడు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

పక్కనే మేకలు మేపుతున్న అవ్వ ఊరుకోలేదు. "నీళ్లు మాన్పించినంకనే పూసింది సామీ."

"ముందు ఆ మేకల్ని అవతలికి తోలమ్మా" అని, దొర తన పుస్తకంలో ఆరు కడవలని రాసుకుని కింద గీత కూడా గీశాడు.

నా పని ఖాయమైంది. పైయేడు ఉత్తర్వు వచ్చింది: రోజుకు ఆరు కడవలు, పొరుగూరి నుంచి పీపాబండి మీద. తూచా తప్పకుండా పోశాను. పొయ్యకపోతే నా మాట అబద్ధమవుతుంది కదా. వానలు రాకముందే పొద వేరు కుళ్లి ఒరిగిపోయింది. ఎండకు తట్టుకోలేకపోయిందని దొర రాశాడు. నేను కాదనలేదు.

జాతి మాత్రం పోలేదు. నేను పారేసిన కొమ్మను అవ్వ మేకలదొడ్డి కంపలో సందు పూడ్చడానికి గుచ్చిందట. దానికి నీళ్లు పోసే తీరిక ఆమెకు లేదు కాబట్టి అది చక్కగా నాటుకుంది. ఇప్పుడు ఆ దొడ్డి చుట్టూ పదకొండు పొదలు. అవ్వ పోయి చాలా ఏళ్లయినా, ఎండాకాలం పూలు చూడ్డానికి పోతుంటాను. అవ్వ మనవరాలు చెంబుతో నీళ్లిస్తుంది. ఇచ్చి అక్కడే నిలబడుతుంది.

"తాగు మామా. నీ చేతిలో చెంబుంటే ఖాళీ అయ్యేదాకా కనిపెట్టుకోమని అవ్వ చెప్పి పోయినాది."

నేను నవ్వుకుంటూ చివరి గుక్కదాకా తాగి, చెంబు బోర్లించి చూపిస్తాను.