గొంగళ్ల గదిలో అక్క పాట

మొన్న దేవరకొండ బస్టాండు ముందు చాయ్ తాగుతుంటే, పక్కన ఆగిన ఆటోలోంచి మా అక్క గొంతు వినిపించింది. ఆ డ్రైవరు ఎవరో నాకు తెలియదు, పాడుతున్నది ఎవరో అతనికి తెలియదు, అయినా హ్యాండిల్ మీద వేళ్లతో తాళం వేస్తూ ప్రతి పంక్తికీ పెదవులు కదుపుతున్నాడు. ఏళ్ల తరబడి పత్రికకు ఊళ్ల వార్తలు రాసినవాణ్ని, నా పేరుతో అచ్చయిన ఏ వార్తను చూసుకున్నా అంత గర్వం కలగలేదు. ఆ పాట రికార్డయింది మా ఇంటి ముందు గదిలో.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్ల మాట అది. అక్క మెడలో థైరాయిడ్ గడ్డ పెరిగితే హైదరాబాదు దవాఖానలో ఆపరేషనుకు రోజు ఖాయం చేశారు. తర్వాత గొంతు మారవచ్చని, పాడటం కష్టం కావచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అక్క కత్తికి భయపడలేదు గానీ, అమ్మ దగ్గర నేర్చుకున్న బతుకమ్మ పాటలు తనతోనే ఆగిపోతాయేమోనని దిగులుపడింది. మా చేతిలో పది రోజులున్నాయి.

అచ్చంపేటలో పెళ్లి బ్యాండులో వాయించే మా బామ్మర్దికి కబురు పెట్టాను. ల్యాప్‌టాపు, మైకు, కొత్తగా కొన్న మిడి కీబోర్డు మూటగట్టుకుని మర్నాడే బస్సు దిగాడు. అతను స్నానానికి వెళ్లిన కాసేపట్లో నేను ఉత్సాహం పట్టలేక ఆ కీబోర్డు తీసి, టీవీ స్పీకర్లకు తగిలించాలని చూసి, వైరు పట్టే చోటు దొరక్క, మీటలన్నీ నొక్కి, ఒక్కటీ మోగకపోయేసరికి దుకాణం వాడు మోసం చేశాడని తేల్చేశాను. బామ్మర్ది తల తుడుచుకుంటూ వచ్చి పకపకా నవ్వాడు. "బావా, గివి ఒట్టి మీటలే. సప్పుడంత కంప్యూటర్ల ఉంటది. తెలుసుకోకుండనే రాసేసుడు నీకు అలవాటే గద!"

కీబోర్డును ల్యాప్‌టాపుకు కలిపి, సాఫ్ట్‌వేర్‌లో సన్నాయి ధ్వనిని ఎంచుకున్నాక, మీట నొక్కిన క్షణం తర్వాత గానీ శబ్దం వచ్చేది కాదు. సెట్టింగుల్లో ఏదో అంకె తగ్గించి ఆ ఆలస్యాన్ని పోగొట్టాడు. ఇక గది ప్రతిధ్వని మిగిలింది. మా అక్క వాళ్లది గొర్ల మంద ఉన్న ఇల్లు. వాళ్లింట్లోని గొంగళ్లన్నీ తెచ్చి నాలుగు గోడలకూ మేకులు కొట్టి వేలాడదీస్తే, గది గొంతు తగ్గించినట్టు అణిగిపోయింది. "పాట సంగతేమో గని, ఇల్లంత మంద లెక్క వాసనొస్తాంది," అని మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

మొదటి రోజు అక్కకు హెడ్‌ఫోన్లు పెట్టి, అందులో టిక్కు టిక్కుమనే తాళం వినిపించి, ఇంట్లో ఎవరూ నోరు మెదపవద్దని కట్టడి చేశాం. అక్క ఒక పంక్తి పాడి ఆగిపోయింది. మరిచిపోయిందనుకుని మళ్లీ మొదలుపెట్టించాం. మళ్లీ అక్కడే ఆగింది. నాలుగోసారి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేనన్నంక మీరు అనరేంది? పాట గోడలకు జెప్పాల్నా?"

ఒకరు పంక్తి అంటే మిగతావాళ్లు తిరిగి అనడమే బతుకమ్మ పాట. చిన్ననాటి నుంచి విన్నవాణ్ని, ఏటేటా పత్రికకు ఆ పండుగ వార్త రాసినవాణ్ని, యంత్రం ఎదుట కూర్చోగానే ఆ సంగతే మరిచిపోయాను.

సాయంత్రానికల్లా వీధిలోంచి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. మంచం బయట పెట్టి, బతుకమ్మను నిలిపినట్టు గది నడుమ మైకు నిలబెడితే, దాని చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ పాడారు. తిరిగేకొద్దీ వేగం పెరిగేది, టిక్కు టిక్కు వెనకబడేది. బామ్మర్ది దాన్ని ఆపేసి, వాళ్ల చప్పట్లనే కొలతగా పెట్టి, సాఫ్ట్‌వేర్‌లోని తాళం గీతలను ఒక్కొక్కటిగా వాటి దగ్గరికి జరిపాడు. ఆ పని ముగిస్తే ఇంకో చిక్కు. అక్క శ్రుతి రెండు మీటల నడుమ ఉంది, సన్నాయి ఏ మీట నొక్కినా ఎదురు తిరిగేది. "వదినె దిగది, మనమే దిగాలె," అంటూ ఒక మధ్యాహ్నమంతా కూర్చుని సన్నాయి శ్రుతిని వెంట్రుకంత వెంట్రుకంత దించాడు. చివరికి రెండూ కలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

దవాఖానకు బయలుదేరే ముందు రోజు, అప్పటికి రికార్డు చేసిన పదకొండు పాటలూ అక్కకు వినిపించాం. మొదటి పాట సగంలోనే ఆమె బామ్మర్ది తల మీద చేయి పెట్టింది. "నేనేనారా గిది? మా అమ్మ పాడినట్టే ఉంది," అంది. ఆ ఆరుగురూ గుమ్మంలోనే మళ్లీ చప్పట్లు అందుకున్నారు. పండుగ కాని నాడు మా వీధిలో అలాంటి సందడి అంతకు ముందు ఎరగను.

ఆపరేషను క్షేమంగా జరిగింది. గొంతు తిరిగి వచ్చింది గానీ ఇదివరకటి ఎత్తు అందలేదు. పాటలు మాత్రం ఫోను నుంచి ఫోనుకు నందికొండ దాకా వెళ్లాయి.

ఇప్పుడు ఇంత తతంగం అక్కర్లేదు, జేబులో ఫోనుంటే చాలు. గోడలకు గొంగళ్లు కట్టేవారూ లేరు. బతుకమ్మ నాడు మా వీధిలో పెద్ద స్పీకర్లలో అక్క పాటే మోగుతుంది. పంక్తీ అదే అంటుంది, బదులూ అదే ఇస్తుంది. చుట్టూ తిరిగేవాళ్లకు నోరు విప్పే పని లేకుండా పోయింది. అది చూసి అక్క పోయినేడు పట్టుబట్టింది, ఉన్న గొంతుతోనే మిగిలిన పాటలు పాడుతానని, తన పంక్తులు ముందు ఎక్కిస్తే బదులు పలికేవాళ్లను తర్వాత తెస్తానని. బామ్మర్ది వచ్చి కీబోర్డు శ్రుతి ఇంకా కిందికి దించాడు. ఆనాటి ఆరుగురిలో ఒకామె కాలం చేసింది, ముగ్గురు హైదరాబాదు చేరారు, ఇద్దరికి మోకాళ్లు సహకరించడం లేదు. కొత్త పాట ఒకటి ల్యాప్‌టాపులో ఉంది. అందులో అక్క పంక్తులన్నీ ఉన్నాయి. వాటి నడుమ బదులు కోసం ఆమె ఆగిన చోట్లు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి.