లంగా ఎలాస్టిక్కు మీద నడిచిన పద్యం

పొదుపు పేరుతో నేను చేసిన తిక్క పనులు శానా ఉండాయి. కానీ ఏనాడో కాలం చేసిన పెద్దమనిషి చేత తాగుబోతు మాదిరి పద్యం పాడించింది మాత్రం ఒక్కసారే. నవ్వుకోండి, నవ్వుకు కరెంటు బిల్లు రాదు.

కడపలో మా ఇంట్లో పాటల ప్లేట్ల మిషన్, అదే రికార్డు ప్లేయరు, ఒకటి ఉండాది. మా ఆయనకు అదంటే ప్రాణం. ఆ మధ్య దాంట్లో ప్లేటును తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆయన స్నేహితుడు ఖాదర్ రాయచోటి నుంచి ఫోను చేసినాడు.

"రేపు వస్తాండా వదినా. మా నాయన పాడిన నాటకం పద్యం ప్లేటు దొరికింది. చిన్నప్పుడు విన్న గొంతు, ఒక్కసారి మళ్ళా వినాల."

"కొత్త బెల్టు తెస్తా," అని లేచినాడు మా ఆయన.

"బెల్టు లేని మిషన్లు ఉండవా?" అని అడిగినా.

"ఉంటాయి. కొన్నిట్లో మోటరే ప్లేటు కింద ఉండి నేరుగా తిప్పుతాది."

"మన మిక్సీ మాదిరి."

"ఆ. మీట నొక్కగానే వేగం అందుకుంటాది, సాగేది తెగేది ఉండదు. మోటరు నాసిదైతే దాని వణుకంతా పాటలోకి ఎక్కుతాది. ఇంకో రకంలో మోటరుకూ ప్లేటుకూ నడిమధ్య రబ్బరు చక్రం ఒరుసుకుంటా తిప్పుతాది."

"సైకిలు డైనమో!"

"అదే. బలమూ ఎక్కువే, గురగురా ఎక్కువే. చక్రానికి సొట్ట పడిందా, సుట్టుసుట్టుకూ దడ్ దడ్. మన బెల్టయితే మోటరు వణుకును తానే మింగుతాది. సాగిపోయేదొక్కటే దాని రోగం."

చదివింది నాలుగో తరగతి, ఆ పూట మాత్రం నేనే ఇంజనీరు. సాగినా మళ్ళా ముడుచుకునేది మన బీరువాలో లేదా? "కూచో, నేను చూసుకుంటా," అని లంగా ఎలాస్టిక్కు కత్తిరించి, ముడేసి, తగిలించినా. తిరిగింది. తిరిగితే చాలదా? పాట పెట్టి చూడాలని తోస్తే నేనెందుకిట్లుంటాను!

మరుసటి రోజు ఖాదర్ వచ్చి, తుండుగుడ్డలోంచి ప్లేటు తీసిచ్చి, కండ్లు మూసుకుని కూచున్నాడు. పద్యం మొదలైంది. ఎలాస్టిక్కు సాగితే గొంతు దున్నపోతు మాదిరి దిగె, ముడుచుకుంటే మేకపిల్ల మాదిరి ఎగిరె. ముడి మోటరు మీదికి వచ్చినప్పుడల్లా ఒక ఎక్కిలి.

ఖాదర్ కండ్లు తెరిచినాడు. "వదినా, మా నాయన ఏనాడూ సుక్క ముట్టలేదే!"

నవ్వుతానే అన్నాడు గానీ, మొగం వాడిపోయింది.

మా ఆయన మిషన్లోకి తొంగి చూసినాడు. "ఏమే, ఇది లంగా ఎలాస్టిక్కు కాదూ?"

"అయితే ఏమి? ఉతికిందే!"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కితిని కదా, ఇంక చేత్తోనే కడగాల. ఎలాస్టిక్కు పీకేసి, ప్లేటు అంచుకు వేలు ఆనించి, రాగులు విసిరినట్టు తిప్పినా. ముందు తడబడింది.

"ఇంకొంచెం నిదానం వదినా... ఆ, ఆ, అదే! అదే మా నాయన!"

ఖాదర్ గబగబా ఫోను తీసి రికార్డు చేసుకోబట్టినాడు. నేను తిప్పుతానే ఉండా. అంతలో వంటింట్లోంచి, పొయ్యి మీద పెట్టిన పాల వాసన. చెయ్యి ఆపితే పద్యం పోతాది, ఆపకపోతే పాలు పోతాయి. చెయ్యి ఆపకుండా నోరు తెరిచినా.

"ఏమయ్యా, పాలు పొంగుతాండాయి, సూడు!"

పోయిన నెల రాయచోటికి పోతే, ఖాదర్ మనవరాలు ఆ పద్యం పాడి వినిపించింది. ఏం గొంతమ్మా దానిది! సగం పద్యం కాగానే చెయ్యి పైకెత్తి, రాగం తగ్గకుండా అందుకునింది: "ఏమయ్యా... పాలు పొంగుతాండాయి... సూడూ..."

"ముత్తాత పద్యం అవ్వా," అనింది గర్వంగా. "తాత ఫోనులో విని, ఒక్క ముక్క వదలకుండా నేర్చుకున్నా."

అందుకే ఇష్టదైవం మీద ఒట్టేసి చెప్తాండా. ఇంక ఈ జన్మలో ఎలాస్టిక్కును లంగా దాటనియ్యను. ఎవురి నాయన పాడుతాన్నా సరే, ఆ పూట పొయ్యి మీద పాలు పెట్టను.